లేసు వైపు

"కదలకు. కదిలావంటే కంట్లో పడుతుంది" అన్నాడు జేబెజ్.

ఈనాక్ కదల్లేదు. బల్ల అంచును రెండు చేతులా పట్టుకుని కూర్చున్నాడు. జేబెజ్ టింక్చర్ గుడ్డ తీసి అతని నుదుటి మీద అదిమాడు. ఎడమ కనుబొమకు పైన అడ్డంగా గాయం. శనివారం మ్యాచ్‌లో తగిలింది. దాని కింద పోయిన నెలది. దాని కింద ఇంకా పాతవి. ఒకే చోట పదిసార్లు కుట్టి, పదిసార్లు విప్పిన గుడ్డలా ఉంది ఆ నుదురు.

"మళ్లీ లేసే" అన్నాడు ఈనాక్.

జేబెజ్ గుడ్డను మళ్లీ టింక్చర్‌లో ముంచాడు. రోడెన్‌షా ఫుట్‌బాల్ క్లబ్బులో ఆటగాళ్లను పరుగెత్తించేదీ, కాళ్లకు నూనె మర్దించేదీ, దెబ్బలకు కట్లు కట్టేదీ అతనే. యుద్ధం ముగిసినప్పటి నుంచీ ఇదే గదిలో ఇవే ఫిర్యాదులు వింటున్నాడు.

"లేసే అంటున్నాను."

"విన్నాను. బంతి తోలును బిగించి ఉంచేది లేసే. లేకపోతే లోపలి గాలి బ్లాడరు బయటికొస్తుంది."

"వాడు కావాలని పెడుతున్నాడు."

వాడు ఎదురు బల్ల మీదే ఉన్నాడు. పేరు సెత్ విట్టమ్. ఎడమ వింగ్‌లో ఆడతాడు. మైదానం అంచు వెంట బంతిని తీసుకుపోయి గోలు ముందుకు ఎత్తి కొట్టడం అతని పని. దాన్ని తలతో గోల్లోకి కొట్టడం సెంటర్ ఫార్వర్డ్ ఈనాక్ త్రెల్‌ఫాల్ పని. తొమ్మిదేళ్లుగా ఇద్దరూ ఒకే జట్టు. రెండేళ్లుగా మాటల్లేవు. ఏం చెప్పుకోవాలన్నా జేబెజ్‌కి చెబుతారు.

"జేబెజ్, అతనితో చెప్పు" అన్నాడు సెత్, బూటుకు కొవ్వు రాస్తూ, తల ఎత్తకుండా. "అంత నొప్పిగా ఉంటే నుదుటికి దిండు కట్టుకుని ఆడమను."

గదిలో ఉన్నవాళ్లు నవ్వారు. ఒకడు తన తువ్వాలు మడిచి ఈనాక్ ఒళ్లోకి విసిరాడు.

"జేబెజ్, వాడితో చెప్పు" అన్నాడు ఈనాక్. "శనివారం జనం వచ్చేది నా తలను చూడ్డానికి. వాడి కాలిని కాదు."

"మీ ఇద్దరికీ నేను గోడలా కనపడుతున్నానా, నా మీద కొట్టుకోడానికి?" అన్నాడు జేబెజ్. టింక్చర్ సీసాకు మూత బిగించాడు. "లేసుకు కళ్లు లేవురా. దాని ఇష్టం వచ్చినట్టు అది తిరుగుతుంది. లేవండి, పరుగు."

రోడెన్‌షాలో ఆ మాట నమ్మేవాడు లేడు. మంచి వింగ్ ఆటగాడు లేసును బయటి వైపుకు ఉంచి కొడతాడనీ, నున్నటి తోలే సెంటర్ ఫార్వర్డ్ నుదుటికి తగులుతుందనీ ఆ ఊళ్లో బడిపిల్లలకు కూడా తెలుసు. మిల్లులోనూ పబ్బులోనూ అదే మాట. తనవాడనుకుంటే బయటికి పెడతాడు. పగవాడనుకుంటే లోపలికి పెడతాడు. మైదానం మూల నుంచి కొట్టే కార్నర్ కిక్కుల దగ్గర ఈనాక్ తన కళ్లతో చూశాడు. సెత్ బంతిని మూలనున్న జెండా పక్కన పెడతాడు. వంగి చేత్తో తిప్పుతాడు. తల ఎత్తి ఈనాక్ వైపు చూస్తాడు. అప్పుడు కొడతాడు. ఏ ఉద్దేశమూ లేనివాడు ఎందుకు తిప్పాలి?

మైదానం చుట్టూ బొగ్గుపొడి బాట. పరుగంతా దాని మీదే. గురువారం దాకా బంతి ముట్టనివ్వరు. వారమంతా దూరంగా ఉంచితే శనివారానికి బంతి మీద ఆకలి పుడుతుందని క్లబ్బు పెద్దల లెక్క. సన్నగా వాన. సెత్ ముందు పరుగెత్తుతున్నాడు. అతని మడమలు చిమ్మిన బొగ్గునలుసులు వెనకున్న ఈనాక్ మోకాళ్లకు తగులుతున్నాయి.

"జేబెజ్!" అని అరిచాడు సెత్, బాట పక్కన నిలబడ్డ జేబెజ్ ముందు నుంచి పోతూ. "నిన్న మావాడు బొగ్గు బస్తా దించలేక మెట్ల మీదే కూలబడ్డాడు. ఇతని భుజం ఇంకా వాడి పక్కటెముకల్లోనే ఉంది."

మావాడంటే తమ్ముడు ఏమస్. పక్క ఊరు బ్లాక్‌బెక్ జట్టుకు గోల్‌కీపర్‌గా ఉండేవాడు. రెండేళ్ల కిందట అతను బంతి పట్టుకుని నేల మీదికి దిగకముందే ఈనాక్ భుజంతో గుద్దాడు. బంతీ మనిషీ కలిసి వలలో పడ్డారు. రిఫరీ గోలిచ్చాడు. జనం టోపీలు ఎగరేశారు. విరిగిన ఎముక ఊపిరితిత్తిలో దిగిందని సాయంత్రం తెలిసింది. అప్పటినుంచి ఏమస్ ఇళ్లకు బొగ్గు మోస్తున్నాడు.

"ఆట చట్టం ప్రకారమే కొట్టాను" అన్నాడు ఈనాక్, తనూ జేబెజ్ ముందుకు వచ్చినప్పుడు. "భుజంతో భుజాన్ని కొట్టాను. రిఫరీ ఈల వెయ్యలేదు. అది కూడా వాడితో చెప్పు."

జేబెజ్ వానకు వీపు తిప్పాడు. పైపు వెలిగించుకున్నాడు.

బుధవారం ఈనాక్ క్లబ్బు పెద్ద బర్ట్‌విసిల్ దగ్గరికి వెళ్లాడు.

ఆయన సొంత నూలు మిల్లులో మగ్గాల పైనే గది. నేల ఎప్పుడూ అదురుతూ ఉంటుంది. బల్ల మీద టీ కప్పు సాసర్‌లో గలగలలాడుతోంది. ఆయన పంది మాంసం కూరిన రొట్టె తింటున్నాడు. చాకుతో ముక్క కోసి, ఆ చాకుతోనే నోట్లో పెట్టుకుంటున్నాడు. జట్టులో ఎవరుండాలో, ఎవరు పోవాలో ఆ నోరే చెబుతుంది.

"కూర్చోమనను. తడిసి వచ్చావు" అన్నాడు. "ఏమిటి?"

ఈనాక్ టోపీ చేతిలో నలుపుతూ నిలబడ్డాడు. "విట్టమ్‌తో నేను ఆడలేనయ్యా."

"తొమ్మిదేళ్లు ఆడావుగా."

"లేసు లోపలికి పెడుతున్నాడయ్యా. కావాలని. తమ్ముడి కక్ష నా తల మీద తీర్చుకుంటున్నాడు. వాడైనా ఉండాలి, నేనైనా ఉండాలి."

బర్ట్‌విసిల్ చాకు కింద పెట్టాడు. "ఇలా రా. వంగు."

ఈనాక్ వంగాడు. ఆయన బొటనవేలు గాయం మీద పెట్టి, నేత గుడ్డ మందం చూసినట్టు నొక్కాడు.

"నొప్పా?"

"లేదయ్యా."

"ఇప్పుడు?"

"కొంచెం."

"బంతి వచ్చేటప్పుడు నీకు లేసు కనపడుతుందా?"

"ఎందుకు కనపడదయ్యా? దానికోసమే చూస్తాను. తెల్లగా తిరుగుతూ వస్తుంది."

"చూస్తావన్నమాట."

"చూడకపోతే చంపేస్తాడు."

"కనపడ్డాక ఏం చేస్తావు?"

"తల ఒకింత పక్కకు తిప్పుకుంటాను. అంతే. వెంట్రుకవాసి."

బర్ట్‌విసిల్ ఆ బొటనవేలిని రుమాలుతో తుడుచుకున్నాడు. మళ్లీ చాకు అందుకున్నాడు.

"వచ్చి చెప్పావు. మంచిపని చేశావు" అన్నాడు. "శనివారం ఇద్దరూ ఆడండి. ఆ తరవాత ఒక్కడే ఉంటాడు."

ఈనాక్ ఇనుప మెట్లు రెండేసి చొప్పున దిగాడు. మగ్గాల మధ్య నుంచి ఆడవాళ్లు అతన్ని గుర్తుపట్టి చేతులు ఊపారు. తనూ ఊపాడు. దారిలో చేపముక్క, బంగాళాదుంప వేపుడు కాగితంలో కట్టించుకుని నడుస్తూనే తిన్నాడు. చాలా రోజులకు కడుపునిండా తిన్నాడు. సెత్‌కు ముప్పై ఒకటి నిండాయి. ఇక్కడినుంచి పంపేస్తే ఆ వయసులో ఎవరూ తీసుకోరు. మళ్లీ మగ్గం దగ్గరికే పోవాలి. మగ్గాలు సగం మూతపడి ఉన్నాయి. ఈ లెక్కంతా ఈనాక్‌కు తెలుసు. కాగితం ఉండచుట్టి కాలవలోకి విసిరాడు.

గురువారం బంతి ఇచ్చారు. రాత్రంతా వాన. తోలు నీళ్లు పీల్చి ఉబ్బింది. చేత్తో ఎత్తితే మణికట్టు కుంగుతుంది. అది తలకు తగిలినప్పుడు చప్పుడు ముందు చెవుల్లో వినిపించదు, పళ్లలో వినిపిస్తుంది.

సెత్ ఎడమ మూల నుంచి కొడుతున్నాడు. ఈనాక్ ఎగిరి తలతో దింపుతున్నాడు. ఒకటి గోల్లో పడింది. ఒకటి పైనుంచి పోయింది. ఇంకోటి నున్నగా తగిలింది. ఆ తరవాతిది లేసుతో తగిలింది. కట్టు మీద ఎర్ర మచ్చ లేచింది. మామూలుగా అయితే ఈనాక్ తిట్టేవాడు. ఇవాళ నవ్వాడు.

"జేబెజ్, వాడితో చెప్పు. ఇష్టం వచ్చినట్టు కొట్టుకోమను. ఇంకెన్నాళ్లులే."

జెండా దగ్గర వంగిన సెత్ లేచి నిలబడ్డాడు. బంతి కాళ్ల దగ్గరే ఉంది.

"ఆ మాటకు అర్థమేమిటో అడుగు, జేబెజ్."

"శనివారం తరవాత తెలుస్తుందని చెప్పు."

జేబెజ్ పైపు నోట్లోంచి తీశాడు. ఈనాక్ ముఖం వైపు ఒకసారి, మిల్లు పొగగొట్టం వైపు ఒకసారి చూశాడు. "ఎక్కడికి వెళ్లావురా నువ్వు?" అన్నాడు మెల్లగా.

ఈనాక్ సెత్ వైపు తిరిగాడు. "కానియ్" అని చేత్తో సైగ చేశాడు. సెత్ వంగి బంతి తిప్పాడు, చూశాడు, కొట్టాడు. అది ఎవరికీ అందనంత పైనుంచి పోయింది.

శుక్రవారం పొద్దున ఏమస్ బొగ్గు తెచ్చాడు.

ఆ వీధికి వేరేవాడు తెచ్చేవాడు. వాడికి జ్వరం. పెరటి తలుపు తీసిన ఈనాక్ ఎదుట ఏమస్ బస్తా మోస్తూ నిలబడి ఉన్నాడు. ముఖం నల్లగా ఉంది. పెదవులు నీలంగా ఉన్నాయి.

"నీ ఇల్లని తెలీదు" అన్నాడు ఏమస్. "తెలిస్తే రాకపోదును. ఎక్కడ పొయ్యమంటావు?"

"ఆ మూల."

ఏమస్ నాలుగడుగులు వేశాడు. బస్తా భుజం మీంచి జారింది. సగం బొగ్గు నేలపాలైంది. ఈనాక్ గుమ్మంలోనే ఉన్నాడు. ఏమస్ గోడకు చెయ్యి ఆనించి దగ్గాడు. చాలాసేపు దగ్గాడు. తరవాత మోకాళ్ల మీద కూర్చుని, ఒక్కొక్క పెళ్ల ఏరి మూలకు వేశాడు.

"నుదురు ఎలా ఉంది?" అన్నాడు ఏరుతూనే.

"మీ అన్నను అడుగు."

"అడిగాను. వాడికీ తెలీదట. బయటికే పెడుతున్నానంటాడు."

"అనకేం చేస్తాడు?"

"నేను చూస్తూనే ఉన్నానుగా. ఆదివారాలు గ్యాసు ఫ్యాక్టరీ వెనక సాధన చేస్తాడు. బంతి ఏరి ఇచ్చేది నేనే. ప్రతిసారీ లేసు బయటికి తిప్పే కొడతాడు."

ఈనాక్ నవ్వాడు. "నా మీద అంత ప్రేమా?"

"నీ మీద ప్రేమ ఎవడికుందయ్యా?" ఏమస్ చేతులు దులుపుకుని లేచాడు. "నీ పేరు వింటే వాడికి ముద్ద దిగదు. వాడికి గోలు కావాలి. నీ తల పగిలితే గోలు ఎవడు కొడతాడు? నీ తలను వాడు ముద్దు పెట్టుకోడు. కాపాడుకుంటున్నాడు. గాడిదను కాపాడుకున్నట్టు."

"తమ్ముడివి గనక చెబుతున్నావు."

"నీకు అబద్ధం చెప్పి నేనేం బావుకోవాలి? నా ఊపిరి తెచ్చిస్తావా?" ఖాళీ బస్తా దులిపి మడిచాడు. "రెండేళ్లయింది. ఒక్కసారి వచ్చి ఎలా ఉన్నావని అడిగావా?"

"చట్టం ప్రకారమే—"

"తెలుసు. ఊరంతా అదే చెప్పింది నాకు."

అతను వెళ్లాక ఈనాక్ పొయ్యిలో బొగ్గు వేశాడు. ఏమస్ మాట నమ్మితే మళ్లీ ఆ ఇనుప మెట్లు ఎక్కాలి. టోపీ తీసి, చెప్పింది తప్పని చెప్పాలి. నమ్మకపోతే ఇంట్లో కూర్చోవచ్చు. ఈనాక్ కూర్చున్నాడు.

శనివారం వాన ఆగలేదు. మిల్లు మధ్యాహ్నం మూసేసరికి జనం మురికి నీళ్లలా వీధుల్లోంచి మైదానంలోకి కారారు. చెక్క చెప్పులు, తడిసిన టోపీలు, బీరు వాసన. గోలు కర్రల ముందు గడ్డి ఎప్పుడో పోయింది. బురదలో ఇసుక చల్లారు.

ఆట మొదలైన కాసేపటికే కుడి వైపు నుంచి బంతి ఎత్తుగా వచ్చింది. తలకు అందదని ఈనాక్‌కు తెలుసు. గోల్‌కీపర్‌కు అందుతుందనీ తెలుసు. ఎప్పటిలాగే భుజం వంచి దూసుకుపోయాడు. కానీ ఆ గోల్‌కీపర్ కుర్రవాడు. ఏమస్ సంగతి విన్నవాడు. బంతి వదిలేసి పక్కకు తప్పుకున్నాడు. ఈనాక్ భుజం గోలు కర్రకు తగిలింది. ఎండుపుల్ల విరిచినట్టు చప్పుడైంది.

జేబెజ్ బకెట్టుతో పరుగెత్తుకొచ్చాడు. చన్నీళ్ల స్పాంజి మెడ మీద పిండాడు. వేళ్లతో మెడ కింది ఎముక తడిమాడు.

"పోయింది" అన్నాడు. "నిలబడగలవా?"

"నిలబడతాను."

జేబెజ్ అతని ఎడమ చేతిని గుండెకు ఆనించి, చొక్కా మీంచి తువ్వాలుతో కట్టేశాడు. ఆటలో పదకొండు మంది. ఒకడు పోతే పదిమందే, వేరేవాణ్ణి దించడానికి లేదు. అందుకని మనిషి నిలబడగలిగితే బయటికి పంపరు. వింగ్‌లో నిలబెడతారు. ఉత్త దిష్టిబొమ్మే అయినా అవతలి వాడొకడు కాపలా కాయాలి గదా. జేబెజ్ తల తిప్పి స్టాండు వైపు చూశాడు. బర్ట్‌విసిల్ గొడుగు ఎత్తి, మార్చమన్నట్టు రెండుసార్లు ఊపాడు.

"ఎడమ వింగ్‌కు పో" అన్నాడు జేబెజ్. "సెత్! మధ్యలోకి!"

ఇద్దరూ ఎదురెదురుగా నడిచి, ఒకరినొకరు దాటారు. ఈనాక్ దారి ఇవ్వలేదు. సెత్ పక్కకు జరగలేదు. విరిగిన భుజం వైపు సెత్ మోచెయ్యి ఒక వేలెడు దూరంలోంచి పోయింది.

వింగ్‌లో నిలబడటం ఎలా ఉంటుందో ఈనాక్‌కు అంతవరకూ తెలీదు. అక్కడ గాలి ఎక్కువ. బంతి రాదు. వచ్చేదాకా చెయ్యగలిగిందేమీ లేదు. జనం వీపు వెనకే ఉంటారు. వాళ్లు నమిలే పొగాకు వాసన వస్తుంది. మధ్యలో ఉన్నప్పుడు హోరుగా వినపడేది ఇక్కడ మాటలుగా వినపడుతుంది.

"ఏం ఈనాక్, షికారు కొచ్చావా? కుక్కను కూడా తెచ్చుకోవాల్సింది!"

"చెయ్యి కట్టేశారేం? జేబులు కొడుతున్నాడనా?"

"ఒరే, పాపంరా. వాడికి మొదటిసారి బంతి ఎక్కణ్ణించి వస్తుందో కనపడుతోంది!"

చివరి మాటకు చాలామంది నవ్వారు.

విరామం తరవాత కూడా గోలు పడలేదు. వెలుగు తగ్గుతుండగా, అవతలివాడి కాలికి తగిలి బంతి ఎడమ మూల దాటింది. కార్నర్. ఎవరో ఒకరు వచ్చి కొడతారని ఈనాక్ చూశాడు. ఎవరూ రాలేదు. అందరూ గోలు ముందు తోసుకుంటున్నారు. వింగ్‌లో ఉన్నవాడే కొట్టాలి. ఈ పూట వింగ్‌లో ఉన్నది తనే.

ఒంటి చేత్తో బంతి తెచ్చి జెండా పక్కన పెట్టాడు. లేసు గోలు వైపుకు, సెత్ వైపుకు ఉంది. ఈనాక్ దాన్ని చూశాడు. తాకకుండా కొట్టొచ్చు. రెండేళ్ల బాకీ ఒక్క దెబ్బతో తీరుతుంది. ఎవరూ ఏమీ అనరు.

మళ్లీ అనుకున్నాడు. అలా కొడితే వాడికీ నాకూ తేడా ఏముంది? వాడు చూడాలి. మనిషన్నవాడు ఎలా పెడతాడో వాడికి తెలియాలి. వంగాడు. ఎముక పొడిచింది. పళ్లు కరుచుకుని బంతిని చేత్తో తిప్పాడు. లేసు జనం వైపుకు వచ్చేదాకా తిప్పాడు. తల ఎత్తి, సెత్ తనను చూస్తున్నాడని నిర్ధారించుకున్నాడు. అప్పుడు కొట్టాడు.

బతుకంతా ఆటలో అతను బంతి రావడమే చూశాడు. పోవడం ఇప్పుడే చూస్తున్నాడు. కాలిని వదిలినప్పుడు లేసు బయటికే ఉంది. మనిషి ఎత్తు లేచేసరికి పక్కకు వచ్చింది. గాలి తగలగానే బంతి మొత్తం దొర్లడం మొదలుపెట్టింది. తెలుపు, నలుపు, మళ్లీ తెలుపు. ఈనాక్ నోరు తెరిచాడు. ఎవరికి ఏమని చెబుతాడు? సెత్ ఎగిరాడు. కళ్లు తెరిచే ఉన్నాయి. తల తిప్పుకోలేదు. తెలుపు వైపే నుదురు పెట్టి కొట్టాడు.

వల ఊగింది. టోపీలు లేచాయి. మైదానం అంతా ఒక్కటే అరుపు. సెత్ బురదలో మోకాళ్ల మీద ఉన్నాడు. జట్టువాళ్లు వీపు మీద చరుస్తున్నారు. లేచి నిలబడ్డాడు. కనుబొమ నుంచి గడ్డం దాకా నెత్తురు. దాన్ని తుడుచుకోలేదు. గుంపులోంచి తల పక్కకు వంచి, మూలన జెండా దగ్గర ఒంటరిగా ఉన్న ఈనాక్ వైపు చూశాడు.

ఆ చూపు ఈనాక్‌కు తెలుసు. రెండేళ్లుగా ప్రతి శనివారం తను సెత్ వైపు చూసిన చూపే అది.

ఒకే ఒక్క గోలుతో గెలిచారు. జట్టంతా స్నానాల తొట్టిలో దిగి పాడుతోంది. ఈనాక్ తడి బట్టలతో బల్ల మీద కూర్చున్నాడు.

"డాక్టరు?" అన్నాడు.

"సెత్‌కు కుట్లు వేస్తున్నాడు" అన్నాడు జేబెజ్. "గోలు కొట్టినవాడికి ముందు."

బర్ట్‌విసిల్ వచ్చాడు. గొడుగు నీళ్లు నేల మీద కారుతున్నాయి. ఈనాక్ లేచి నిలబడ్డాడు.

"అయ్యా, బుధవారం నేను చెప్పింది తప్పు. విట్టమ్ ఏమీ చెయ్యలేదు. ఇవాళ నేనే పెట్టి చూశాను. లేసు దానంతటదే తిరుగుతుంది. వాణ్ణి పంపకండి."

"వాణ్ణి పంపుతానని నీకెవరు చెప్పారు?"

"ఒక్కడే ఉంటాడన్నారు గదయ్యా."

"ఉంటాడు. విట్టమ్. ఇకనుంచి సెంటర్ ఫార్వర్డ్ అతనే. వింగ్‌కు కుర్రవాణ్ణి తెస్తాం." బర్ట్‌విసిల్ గొడుగు మూసి పట్టీ బిగించాడు. "లేసు సంగతి నాకక్కర్లేదు. తల తిప్పుకుంటానని నువ్వే చెప్పావు. తల తిప్పుకునేవాడు నాకెందుకు? అతను తిప్పుకోలేదు. చూశావుగా."

తొట్టిలో పాట ఆగింది. అందరూ విన్నారు.

"అయితే నన్ను వదిలెయ్యండి" అన్నాడు ఈనాక్. "బ్లాక్‌బెక్ వాళ్లు ఎప్పటినుంచో రమ్మంటున్నారు."

"వెళ్లి మా మీద గోల్స్ కొడతావా? నీ పేరు మా దగ్గరే ఉంటుంది. మేం వదిలేదాకా ఇంకెవరికీ ఆడలేవు. అది చట్టం."

"మీకూ ఆడకుండా?"

"మాకు అక్కర్లేదన్నానుగా."

ఆయన వెళ్లాడు. జేబెజ్ బకెట్టు తీసుకుని నీళ్లు పారబొయ్యడానికి బయటికి పోయాడు. మిగతావాళ్లు గబగబా తుడుచుకుని, బట్టలు వేసుకుని, ఒక్కొక్కరే ఈనాక్ వైపు చూడకుండా పబ్బుకు వెళ్లిపోయారు.

సెత్ వచ్చేసరికి గదిలో ఈనాక్ ఒక్కడే. సెత్ నుదుటికి వెడల్పాటి కట్టు. తన కోటు కొక్కేనికి ఉంది. దాన్ని తీసుకుని, వేసుకోకుండా చేతిలో పట్టుకున్నాడు.

"లేసు ఎటు పెట్టావు?" అన్నాడు.

జేబెజ్ లేడు. ఆ మాట సూటిగా ఈనాక్‌నే అడిగాడు.

"బయటికి."

"వంగావు. తిప్పావు. తలెత్తి నన్ను చూశావు. అప్పుడు కొట్టావు."

"బయటికే తిప్పాను సెత్. గాలిలో తిరిగింది."

సెత్ నవ్వబోయాడు. కుట్లు లాగి ఆగిపోయాడు.

"నువ్వూ బయటికే పెట్టేవాడివి" అన్నాడు ఈనాక్. "ఇవాళ తెలిసింది. బుధవారం బర్ట్‌విసిల్ దగ్గరికి వెళ్లి నిన్ను తీసెయ్యమన్నాను. ఇందాక అది తప్పని చెప్పాను."

"ఇందాక."

"అవును."

"భుజం విరిగాక. నేను గోలు కొట్టాక."

"అవును."

"నిన్న మా తమ్ముడు నీ పెరట్లో మోకాళ్ల మీద కూర్చుని చెప్పాడట. నమ్మావా?"

"లేదు."

"మరి నేనెందుకు నమ్మాలి?"

  సెత్ కోటు వేసుకుని గుమ్మం వైపు నడిచాడు.

ఈనాక్ బూట్లు విప్పుకోబోయాడు. వంగితే ఎముక పొడుస్తోంది. కాలు మోకాలి మీదికి ఎత్తుకుందామంటే కాలు లేవలేదు. బురదలో నాని లేసు ముడులు బిగుసుకున్నాయి. కుడి చెయ్యి పాదం దాకా పోయి, వెనక్కి వచ్చింది. మళ్లీ పోయింది. నుదుటి మీద చెమట పట్టింది.

గుమ్మం దాకా వెళ్లిన సెత్ అదంతా చూశాడు. వెనక్కి వచ్చాడు. ఒక మోకాలు నేలకు ఆనించి ఈనాక్ కుడి పాదం తన తొడ మీద పెట్టుకున్నాడు. ముడిని గోళ్లతో వదులు చేశాడు. మడమ పట్టుకుని ఒక్క గుంజు గుంజాడు. ఈనాక్ భుజం దాకా మంట పాకింది. అరిచాడు. సెత్ ఆ బూటును గది మూలకు విసిరేశాడు.

లేచి చేతులు తన ప్యాంటుకు తుడుచుకున్నాడు.

"ఇంకోటి నువ్వే చూసుకో" అన్నాడు.

తలుపు తెరిచే వదిలి వెళ్లిపోయాడు. చలిగాలి లోపలికి కొట్టింది. ఈనాక్ ఎడమ బూటు వైపు చూశాడు. చెయ్యి చాచాడు. అందలేదు.